సబస్తియా కొండ మీద ఐదు రోజులు

మొదటి రోజు

మా అమ్మమ్మ రాత్రి భోజనాలయ్యాక పాత నిబంధన పెద్దగా చదివేది. రాజుల గ్రంథంలోని షోమ్రోను, అంటే సమరయ, అన్న పేరు ఆవిడ గొంతులో లెక్కలేనన్ని సార్లు విన్నాను గాని, అది నేటికీ జనం కాపురముంటున్న ఊరని, అక్కడికి షేర్ టాక్సీలో వెళ్లిరావచ్చునని చాలా ఏళ్ల దాకా నాకు తట్టనే లేదు. 2019 అక్టోబరులో అమ్మాన్‌లో పని ముగిశాక చేతిలో ఐదు రోజులు మిగిలాయి. వాటిని జెరూసలేము, బేత్లెహేములకు పంచకుండా ఆ ఒక్క కొండకే ఖర్చు పెట్టాలని నిశ్చయించుకున్నాను.

ఆ ఊరిని ఇప్పుడు సబస్తియా అంటారు. వెస్ట్ బ్యాంక్ ఉత్తర భాగంలో, నాబ్లుస్ నగరానికి వాయవ్యంగా సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉంది. అమ్మాన్ నుండి బయలుదేరి, యోర్దాను నది మీది వంతెన దాటి, సంచుల తనిఖీలు, ప్రశ్నలు, నిరీక్షణ అన్నీ ముగించుకొని జెరికో చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడ 'సర్వీస్' అని పిలిచే పసుపు రంగు వ్యానులో చోటు దొరికింది. సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు పైగా దిగువన ఉన్న జెరికో నుండి దాదాపు ఐదు వందల యాభై మీటర్ల ఎత్తున ఉన్న నాబ్లుస్‌కు చేరేలోగా చెవులు రెండుసార్లు దిబ్బడ వేశాయి. గెరిజీము, ఏబాలు కొండల నడుమ ఇరుక్కున్న ఆ నగరంలో రాత్రి వేడివేడి కునాఫా మిఠాయి తిని పడుకున్నాను.

రెండో రోజు

ఉదయం ఎక్కిన వ్యాను డ్రైవరు నా అరబ్బీ ఉచ్చారణను ఎలా అర్థం చేసుకున్నాడో గాని, ఊళ్లో కాకుండా కొండ కింది మలుపు దగ్గర దించి వెళ్లిపోయాడు. వీపున సంచి, ఎదురుగా ఎండ. మొదట తిట్టుకున్నాను గాని, కాలినడకన ఎక్కడం వల్లనే ఆ కొండ స్వరూపం తెలిసింది.

అది పక్క కొండల్లో కలిసిపోయిన శిఖరం కాదు. పెద్ద పళ్లెం మధ్యలో బోర్లించిన మూకుడులా విడిగా నిలబడి ఉంటుంది. మూడు వైపులా లోయలు. తూర్పున మాత్రం ఒక మెడ దానిని మిగతా ఎత్తులతో కలుపుతుంది. నేటి ఊరు ఆ మెడ దగ్గర, తూర్పు వాలు మీద ఉంది. పాత నగరపు శిథిలాలు దానికి పడమట, పైన. కొండ ఎత్తు నాలుగు వందల మీటర్లకు పైచిలుకు మాత్రమే. చుట్టూ దూరంగా ఉన్న కొండలు దీనికంటే ఎత్తైనవే గాని, బాణం దూరంలో ఏదీ లేదు. దక్షిణాన వాదీ అల్ షయీర్, అంటే బార్లీ లోయ, నాబ్లుస్ దగ్గర మొదలై పడమటి తీర మైదానం వైపు దిగుతుంది. సముద్రం నుండి కొండసీమలోకి వచ్చే దారి, ఉత్తరాన జెనీను వైపు వెళ్లే దారి ఈ పరిసరాల్లోనే కలుస్తాయి.

క్రీ.పూ. 880 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజు ఒమ్రీ తన రాజధానిని తిర్సా నుండి ఇక్కడికి మార్చాడు. తిర్సా తూర్పు వాలున, యోర్దాను వైపు ముఖం పెట్టిన ఊరు. షోమ్రోను పడమటికి, సముద్రానికి, ఫెనీషియా రేవులకు ముఖం పెట్టింది. ఒమ్రీ కొడుకు అహాబు సీదోను రాజు కూతురైన యెజెబెలును పెళ్లాడాడంటే, ఆ పెళ్లి చూపు కూడా ఈ కొండ చూపు దిక్కునే ఉంది. బైబిలు ప్రకారం ఒమ్రీ ఈ కొండను షెమెరు అనే ఆసామి దగ్గర రెండు తలాంతుల వెండి ఇచ్చి కొన్నాడు. అమ్మినవాని పేరే కొండకు పెట్టాడు. రాజులు కొండలను ఆక్రమించుకోవడమే గాని కొనుక్కోవడం నేను ఎక్కువగా వినలేదు.

చెమటలు కక్కుతూ ఊరి నడిబొడ్డున ఉన్న చౌకు చేరాను. మూడు వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. చౌకుకు ఒక పక్కన కిరాణా కొట్టు, కాఫీ దుకాణం. మరో పక్కన కోట గోడలా లేచిన రాతి నిర్మాణం. అది క్రీ.శ. 12వ శతాబ్దిలో క్రూసేడర్లు కట్టిన బాప్తిస్మమిచ్చు యోహాను కెథడ్రల్. 1187లో సలాహుద్దీన్ సేనలు ఈ ప్రాంతాన్ని గెలిచిన తరువాత అది నబీ యహ్యా మసీదుగా మారింది. ఖురాను చెప్పే యహ్యా ప్రవక్తా, సువార్తలు చెప్పే యోహానూ ఒక్కరే కాబట్టి మతం మారినా గుడి ఎవరిదో మారలేదు. ఇప్పుడు లోపల ఉన్న మసీదు పాత కెథడ్రల్‌లో తూర్పు భాగాన్ని మాత్రమే ఆక్రమించింది. మిగతా నడవకు పైకప్పు లేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి తల పైకెత్తితే, మక్కా దిక్కు చూపే మిహ్రాబు గూడు ఉన్న గోడకు కొద్ది దూరంలోనే ఫ్రాన్సు పద్ధతిలో చెక్కిన స్తంభాగ్రాలు కనిపిస్తాయి.

ముంగిట్లో చిన్న గుమ్మటం కింద నుండి ఇరుకైన మెట్లు నేలలోకి దిగుతాయి. ఆ గది రోమన్ కాలపు సమాధి. గోడలో పావురాల గూళ్ల వంటి ఆరు రంధ్రాలు ఉన్నాయి. యోహాను దేహం, ఎలీషా, ఓబద్యా ప్రవక్తల దేహాలు అక్కడ ఉండేవని నాలుగో శతాబ్ది నుండి నమ్మకం. చరిత్రకారుడు జోసీఫస్ మాత్రం యోహానును మృతసముద్రానికి తూర్పున ఉన్న మకేరసు కోటలో చంపించారని రాశాడు; శిష్యులు దేహాన్ని ఇంత దూరం తీసుకువచ్చారన్నది సంప్రదాయం. తల విషయం మరీ చిక్కు: డమాస్కసులోని ఉమయ్యద్ మసీదులో ఆ తల ఉందని అక్కడివారు చెబుతారు, ఇదే కొండ దక్షిణపు వాలు మీద తల దొరికిన చోటంటూ ఒక చిన్న గ్రీకు చర్చి ఉంది. జూలియన్ చక్రవర్తి కాలంలో, అంటే 361, 363 మధ్య, అన్యమతస్థులు ఈ సమాధిని పగలగొట్టి ఎముకలు కాల్చేశారని క్రైస్తవ రచయితలు రాశారు. కింద గాలి చల్లగా, తడిగా ఉంది. నా వెనకే దిగిన ఒక ముసలావిడ మొదటి రంధ్రం ముందు నిలబడి అరచేతులు పైకెత్తి ఏదో చదువుకుంది. లోపల ఏముందన్న ప్రశ్న ఆవిడకు ఉన్నట్టు లేదు.

రాత్రికి బాగుచేసిన పాత రాతి ఇంట్లో గది దొరికింది. గోడల మందం మూరన్నర. మా గుమ్మం పక్కనే గోడలో అడ్డంగా పడుకోబెట్టిన ఒక స్తంభపు ముక్క ఉంది. ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే తంతు: రోమన్ దిమ్మె మెట్టయింది, క్రూసేడరు రాయి ద్వారబంధమయింది.

మూడో రోజు

ఊరి పడమటి చివర ఒక విశాలమైన మైదానం ఉంది. కార్లు నిలుపుతారు, రెండు మూడు హోటళ్లు, జ్ఞాపికల దుకాణాలు ఉన్నాయి, పిల్లలు బంతి ఆడుతున్నారు. ఆ మైదానం రోమన్ నగరపు ఫోరం. ఒక అంచున నిలిచిన కొన్ని స్తంభాలు తప్ప మరే గుర్తూ లేదు. ఊరివాళ్లు మాత్రం దానిని బైదర్ అంటారు, అంటే కళ్లం. చక్రవర్తుల కచేరీ పోయాక తరతరాలుగా రైతులు కోసిన గోధుమను ఇక్కడే తొక్కించి తూర్పారబట్టారు. చదునైన రాతి నేల, పడమటి గాలి. కళ్లానికి అంతకన్న ఏం కావాలి?

బసలో పరిచయమైన ఒక రిటైరైన బడిపంతులు నాకు తోడుగా వచ్చారు. ఆయనను అందరూ 'ఉస్తాద్' అంటున్నారు గనుక నేనూ అలాగే పిలిచాను. పైకి ఎక్కుతుండగా ఆయన ఒక రాయి మీద కూర్చొని, చేతికర్రతో మట్టిలో నాలుగు అడ్డగీతలు గీసి, "కిందిది ఒమ్రీది, దాని మీద అలెగ్జాండరుది, దాని మీద హేరోదుది, పైది మా నాన్న నాటిన ఒలీవ చెట్లది" అన్నారు. ఇంతకన్న మంచి పటం నాకు ఆ రోజు ఎక్కడా దొరకలేదు.

ఆయన గీతల క్రమం కొండ మీద అలాగే కనబడదు; ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటుంది. మొదట వచ్చేది రోమన్ రంగస్థలం, వాలులోకి తొలిచిన అర్ధచంద్రాకారపు మెట్లు. దానికి ఆనుకొని గ్రీకు కాలపు గుండ్రని బురుజు ఒకటి, సున్నం లేకుండా పేర్చిన రాళ్లతో ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉంది. క్రీ.పూ. 331లో ఇక్కడివారు అలెగ్జాండరు నియమించిన అధికారిని సజీవంగా కాల్చి చంపారని, అందుకు ప్రతిగా ఊరిని మాసిడోనియా సైనికులకు కట్టబెట్టారని చరిత్ర. ఆ సైనికుల వారసుల కాలంలో లేచినవే ఈ బురుజులు. క్రీ.పూ. 108 ప్రాంతంలో యూదా పాలకుడు యోహాను హిర్కానసు ఏడాది పాటు ముట్టడించి నగరాన్ని నేలమట్టం చేశాడు. దాని ఆనవాలే మిగలకుండా వాగుల నీరు మళ్లించాడని జోసీఫస్ రాశాడు. కొండ మీద నిలబడి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. వాగులన్నీ కింద ఉన్నాయి, నగరం పైన ఉంది.

నీరు ఈ కొండకు మొదటి నుండీ ఉన్న లోటు. శిఖరం మీద ఊట లేదు. ఇశ్రాయేలు రాజుల కాలంలో వాన నీటిని రాతిలో తొలిచిన తొట్లలో నిల్వ చేసుకున్నారు. జనం పెరిగిన రోమన్ కాలంలో దగ్గరలోని నాఖూర ఊరి ఊటల నుండి కాలువ తవ్వి నీరు తెచ్చారు. అక్టోబరు నుండి ఏప్రిల్ దాకా పడే వానలు, ఆ తరువాత ఆరు నెలల ఎండ. మూడేళ్ల ముట్టడిని తట్టుకున్న నగరమంటే, ఆ తొట్ల మీద ఎంత శ్రద్ధ పెట్టి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఆ మూడేళ్ల ముట్టడి అస్సీరియా వారిది. వారి రాజు షల్మనేసెరు మొదలుపెట్టాడు, క్రీ.పూ. 722, 720 మధ్య నగరం పడిపోయింది. తరువాత రాజైన రెండో సర్గోను ఆ గెలుపును తన ఖాతాలో వేసుకొని, 27,290 మందిని చెరపట్టుకుపోయానని శాసనం చెక్కించాడు. వారి స్థానంలో వేరే దేశాల ప్రజలను తెచ్చి దింపారు.

శిఖరం మీద ఉన్న విశాలమైన మెట్ల వరుస యూదయ రాజు హేరోదు కట్టించిన అగస్టసు ఆలయానిది. క్రీ.పూ. 30లో రోమన్ అధినేత ఆక్టేవియన్ ఈ నగరాన్ని హేరోదుకు ఇచ్చాడు. ఆ ఆక్టేవియన్ అగస్టసు బిరుదు ధరించగానే హేరోదు నగరం పేరు సెబస్తె అని మార్చాడు. సెబస్తోసు అన్నది అగస్టసుకు గ్రీకు మాట. ఆ ముఖస్తుతి అరబ్బుల నోట సబస్తియాగా నిలిచిపోయింది. నాబ్లుస్ కథా అంతే, రోమన్ల నెయాపొలిసే అది. హేరోదు ఇక్కడే క్రీ.పూ. 37లో మరియమ్నెను పెళ్లాడాడు. ఆమెను చంపించిన చాలా ఏళ్లకు, క్రీ.పూ. 7లో, ఆమె కన్న కొడుకులు ఇద్దరినీ ఇదే ఊరికి తెప్పించి గొంతు నులిమి చంపించాడు. ఆలయం మెట్లు ఎక్కుతున్నప్పుడు నాకు అగస్టసు గుర్తురాలేదు, వాళ్లిద్దరే గుర్తొచ్చారు.

ఆలయం వేదిక పక్కనే, కొంచెం దిగువన, ఒమ్రీ, అహాబుల భవనం పునాదులు. పిచ్చి మొక్కలు, రాళ్ల కుప్పలు. ఏమీ తెలియనివాడు దాటిపోతాడు. ఉస్తాద్ ఒకచోట వంగి ఆకులు పక్కకు తోసి గోడ చూపించారు. నున్నగా చెక్కిన సున్నపురాళ్లు, పొడవు ముఖం ఒకటి, కురచ ముఖం ఒకటి వంతులుగా పేర్చి ఉన్నాయి. నా గోరు సందులో దూర్చబోయాను; దూరలేదు. ఇరవై ఎనిమిది వందల ఏళ్ల నాటి అతుకు అది.

ఈ భవనం దగ్గరే 1908, 1910 మధ్య హార్వర్డ్ విశ్వవిద్యాలయం తరఫున రైస్నరు బృందం తవ్వినప్పుడు సిరాతో రాసిన కుండపెంకులు బయటపడ్డాయి. 1931 నుండి 1935 వరకు క్రోఫుట్ నాయకత్వంలో తవ్విన మరో బృందానికి, అందులో కాథ్లీన్ కెన్యన్ కూడా ఉంది, వందల కొద్దీ దంతపు ముక్కలు దొరికాయి: తామరలు, రెక్కల సింహాలు, ఈజిప్టు దేవతలు. అహాబు కట్టిన 'దంతపు ఇల్లు' అని రాజుల గ్రంథం అన్నదీ, దంతపు మంచాల మీద పొర్లాడేవారిని ఆమోసు ప్రవక్త దుయ్యబట్టినదీ ఉత్త మాటలు కావని అప్పుడు తేలింది. దంతాలు మ్యూజియం అద్దాల్లోకి వెళ్లాయి. కుండపెంకులు, ఆనాటి ఏలిక ఒట్టోమన్లది గనుక, ఇస్తాంబుల్ చేరాయి.

నా మనసు దంతాల మీద కంటే ఆ పెంకుల మీదే ఉండిపోయింది. అవి కరణం లెక్కలు. ఫలానా ఏట, ఫలానా ఊరి నుండి, ఫలానావారికి ఒక కూజా పాత ద్రాక్షరసం, లేదా ఒక కూజా శుద్ధి చేసిన నూనె. అంతే. క్రీ.పూ. 8వ శతాబ్దిలో రాసిన ఆ చిట్టాల్లోని యాసిత్ అన్న ఊరిని, ఇక్కడికి కొద్ది దూరంలోనే ఉన్న నేటి యాసీద్‌తో పండితులు పోల్చారు. ఆ ఊరి నూనె ఇప్పటికీ ఈ దారినే వస్తుందని ఉస్తాద్ అన్నారు.

దిగేటప్పుడు పడమటి ద్వారం దాకా నడిచాం. సెప్టిమియసు సెవెరసు చక్రవర్తి క్రీ.శ. 200 ప్రాంతంలో నగరానికి కొలోనియా, అంటే రోమన్ వలస నగరం, హోదా ఇచ్చిన కాలపు స్తంభాల వీధి అది. ఇప్పుడు ఒలీవ చెట్ల వరుసల మధ్య ఒంటి స్తంభాలు నిలబడి ఉన్నాయి. కొన్నింటికి గాడిదలను కట్టేశారు. సాయంత్రం పొగమంచు విడిపోతే పడమట మధ్యధరా సముద్రం గీతలా కనబడుతుందట. ఆ రోజు నాకు కనబడలేదు.

నాలుగో రోజు

ఒలీవలు కోసే రోజులు కావడంతో ఊరు ఊరంతా తోటల్లోనే ఉంది. ఉస్తాద్ బంధువుల చేను శిథిలాలకు ఆనుకొని ఉంది, నన్నూ రమ్మన్నారు. చెట్టు కింద బరకాలు పరిచి, నిచ్చెనలు వేసి, చిన్న ప్లాస్టిక్ దంతెల వంటి వాటితో కొమ్మలను దువ్వుతారు. వడగళ్లు పడినట్టు కాయలు రాలతాయి. కర్రతో కొడితే వచ్చే ఏటి చిగురు పోతుందని ఇంటి పెద్దావిడ నన్ను మందలించింది. మధ్యాహ్నం తబూను పొయ్యిలో కాల్చిన రొట్టె, కొత్త నూనె, జాతరు అనే మూలికల పొడి. ఆ నూనె పచ్చగా ఉండి గొంతులో మిరియంలా మండింది. కొత్త ఆవకాయ తొలి ముద్దకు ఎదురుచూసినట్టే వాళ్లు దీనికోసం ఏడాదంతా చూస్తారని అర్థమైంది.

తింటున్నప్పుడే నేలను పంచిన గీతల మాట వచ్చింది. ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య కుదిరిన 1995 ఒప్పందం వెస్ట్ బ్యాంకును ఎ, బి, సి అని మూడుగా విడదీసింది. సబస్తియా ఇళ్లు చాలావరకు బి కిందకు, అంటే పాలస్తీనా పౌరపాలన కిందకు వచ్చాయి. కొండ మీది శిథిలాలు, తోటలు చాలావరకు సి కింద, పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులో ఉన్నాయి. గీత కళ్లం దగ్గరే పోతుంది. అక్కడ పాలస్తీనా జెండా కట్టడం, సైన్యం వచ్చి తీసేయడం కొంతకాలంగా నడుస్తున్న తగవు. ఇంటివారు కాఫీ తాగేది ఒక పాలనలో, కాయలు కోసేది మరో పాలనలో.

సాయంత్రం కొండ కింది మసూదియ్యా స్టేషనుకు తీసుకువెళ్లారు. హెజాజ్ రైలుమార్గానికి ఒట్టోమన్లు వేసిన శాఖ మీది స్టేషను అది. పట్టాలు ఎప్పుడో పోయాయి, రాతి కమానులు మిగిలాయి. 1974, 1975లలో గుష్ ఎమునీమ్ అనే యూదు వలసల ఉద్యమం వారు వలస స్థాపనకు ఈ స్టేషనులోనే పదే పదే మకాం వేశారు. 1975 డిసెంబరులో ప్రభుత్వంతో కుదిరిన రాజీతో వారిలో కొందరిని దగ్గరలోని సైనిక శిబిరంలోకి పంపారు. ఉత్తర కొండసీమలో యూదు వలసలకు అది తలుపు తెరిచింది. ఊరికి దిగువన ఎర్ర పెంకుల ఇళ్లతో కనబడే షవేయ్ షోమ్రోన్ వలస 1977లో వచ్చింది. షెమెరు పేరు ఆ బోర్డు మీద ఇంకా బతికే ఉంది.

నేను తిరిగి వచ్చాక జరిగినవి కూడా ఇక్కడే చెప్పాలి. అంతకు చాలా ముందే, 2012లో, పాలస్తీనా ఈ స్థలాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల తాత్కాలిక జాబితాలో చేర్చి ఉంది. 2023 మేలో ఇజ్రాయెల్ ప్రభుత్వం ఈ శిథిలాల అభివృద్ధికి సుమారు 3.2 కోట్ల షెకెళ్లు కేటాయించింది. 2025 నవంబరులో సుమారు 1,800 దునుముల నేలను స్వాధీనం చేసుకుంటామని నోటీసు ఇచ్చింది. దునుము అంటే మన లెక్కలో దాదాపు పది గుంటలు. మొత్తం నాలుగు వందల ఎకరాలు దాటుతుంది. పురావస్తువుల రక్షణకేనని ప్రభుత్వం అంటోంది. రక్షణ అవసరమే, ఆ శిథిలాల దుస్థితి కళ్లారా చూశాను. కానీ ఆ రాళ్లను చెట్లతో సహా ఇన్ని తరాలు కాచినవారిని పక్కకు నెట్టే రక్షణ ఎవరికోసమో నాకు అంతుపట్టలేదు. నోటీసు వార్త చదివినప్పుడు పెద్దావిడ దువ్విన ఆ కొమ్మ గీతకు ఏ పక్కన ఉందా అని పటం ముందేసుకుని చాలాసేపు వెతికాను.

ఐదో రోజు

తెల్లవారుజామున ఉస్తాద్ పాత నీళ్ల సీసాలో నూనె పోసి, మూతకు ప్లాస్టిక్ కాగితం చుట్టి తెచ్చారు. డబ్బులు ఇవ్వబోతే చేయి వెనక్కి తోశారు. సీసా మీద తెల్ల టేపు అంటించి, దాని మీద అరబ్బీలో ఊరి పేరూ, ఏడాదీ రాశారు. నాకు రాజభవనం దగ్గర దొరికిన కుండపెంకులు గుర్తొచ్చి ఆ మాట అంటే ఆయన పెద్దగా నవ్వి, "అయితే ఎవరి దగ్గర నుండి ఎవరికి అన్నది కూడా రాయాలి కదా" అని సీసా మళ్లీ తీసుకుని, తన పేరు రాసి, నా పేరును ఎలా పలకాలో రెండుసార్లు అడిగారు.

వంతెన దగ్గర తనిఖీ చేసే అమ్మాయి సంచిలోంచి ఆ సీసా బయటికి తీసి, టేపు మీది రాత చదివి, మూత బిగువు చూసి, మళ్లీ బట్టల మధ్య పెట్టింది.